అతుకు కింది స్తంభం

గజేందర్ ఫ్రాన్స్ దేశం ఎన్నడూ చూడలేదు. అయినా అక్కడి కొండల్లో వాల్‌బ్రూన్ అనే చిన్న ఊళ్ళో ఉన్న ఒక చర్చి లోపల ఏ దూలం ఏ గోడలోకి ఎన్ని అంగుళాలు దిగిందో ఆ ఏడాది అతనికి తెలిసినంతగా ఆ ఊరివాళ్ళకే తెలియదు. వాళ్ళకు తెలిసి ఉంటే బాగుండేది.

అతనిది నిర్మల్ జిల్లా, ఖానాపూర్ పక్క పల్లె. ఇంట్లో మూడు తరాలుగా వడ్రంగమే. ఖతార్ వచ్చి పన్నెండేళ్ళయింది. మొదటి ఐదేళ్ళు బిల్డింగ్ సైట్లలో సెంట్రింగ్ పని చేసి, తర్వాత ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న వర్క్‌షాపులో కుదిరాడు. కట్టబోయే భవనాలకు ముందుగా బల్లమీద పట్టేంత మోడళ్ళు చేసే చోటు అది. అక్కడ సూపర్‌వైజర్ హమీదుద్దీన్ బోధన్ మనిషి. యాభై దాటినవాడు, నాలుగు భాషలు వచ్చినవాడు, జీవితంలో ఎవరితోనూ తగాదా పడనివాడు.

ఫిబ్రవరిలో ఒక ఫ్రెంచావిడ పని ఇచ్చింది. ఆవిడ పేరు ఓదిల్. బడిలో పిల్లలకు చరిత్ర చెబుతుంది, భర్త రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో ఇంజనీరు. అల్ అజీజియాలో వాళ్ళ విల్లాకు హమీదుద్దీన్, గజేందర్ కలిసి వెళ్ళారు. భోజనాల బల్ల మీద పాత నక్షల కాపీలు పరిచి ఉన్నాయి. ఆవిడ ఇంగ్లీషులో మాటిమాటికీ 'టెంపుల్' అంటుంటే గజేందర్‌కు అర్థం కాలేదు.

"గుడా, చర్చా భాయ్?" అని మెల్లగా అడిగాడు.

"చర్చే. ఈళ్ళు ప్రొటెస్టెంట్లు. ఈళ్ళ చర్చిని టెంపుల్ అనే అంటరట. రాజు మతం వేరే, ఈళ్ళది వేరే," అన్నాడు హమీదుద్దీన్.

ఆవిడ చెప్పుకుంటూ పోయింది, హమీదుద్దీన్ తెలుగు చేస్తూ పోయాడు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఆ ఊళ్ళో వాళ్ళ మొదటి చర్చి కట్టుకున్నారు. ఒక తరం గడిచి రెండో తరం వచ్చేసరికి రాజు మనసు మారింది. ఇళ్ళల్లోకి సిపాయిలను దించాడు. వాళ్ళు మంచాల పక్కన తెల్లవార్లూ డప్పులు కొట్టి, నిద్ర లేకుండా చేసి, మతం మార్చుకుంటామని సంతకం పెట్టేదాకా వదిలేవాళ్ళు కాదు. తర్వాత చర్చిని కూల్చమన్నారు. కూల్చింది సిపాయిలు కాదు. ఊరివాళ్ళ చేతికే గునపాలిచ్చి కూల్పించారు. ఆ రాళ్ళతో సిపాయిల ఠాణాకు ప్రహరీ కట్టారు. ఆ తర్వాత నూరేళ్ళు వాళ్ళు కొండ సందుల్లో, వాగు ఒడ్డున చాటుగా ప్రార్థన చేసుకున్నారు. దొరికితే మగవాళ్ళకు ఓడల్లో గొలుసులు కట్టి తెడ్లు వేయించడం, ఆడవాళ్ళకు బురుజులో ఖైదు.

"మళ్ళ కట్టుకున్నది ఎప్పుడు?" అని అడిగాడు గజేందర్.

"1825లో. ఈ మే చివరి ఆదివారానికి రెండు వందల ఏళ్ళు," అంది ఓదిల్. ఆ పండుగకే మోడల్. కప్పు తీస్తే లోపలంతా కనిపించాలి. దాన్ని తనే వాల్‌బ్రూన్ తీసుకెళ్ళి చర్చి ముందు బల్ల మీద పెడుతుంది.

గజేందర్‌కు ఆ నక్షలు తెగ నచ్చాయి. చెస్ట్‌నట్ అనే అక్కడి చెట్టు కర్రతో మూడు వైపులా బాల్కనీ, పాత సినిమా హాలులో ఉన్నట్టు. దాని కింద పది చెక్క స్తంభాలు. కుడివైపు దూలం మరీ పొడుగు. అంత పొడుగు మాను దొరకలేదేమో, రెండు ముక్కలను ఏటవాలుగా కోసి ఒకదానిలో ఒకటి కూర్చారు. ఆ అతుకు సరిగ్గా ఒక స్తంభం నెత్తిమీదికి వచ్చేట్టు చూసుకున్నారు. రెండు వందల ఏళ్ళ కిందటి ఆ పేరు తెలియని వడ్రంగి తన పక్కన కూర్చుని పని చూపిస్తున్నట్టే అనిపించేది గజేందర్‌కు.

"దుబాయ్‌ల చర్చి గడుతున్నవా?" అని ఫోన్లో నవ్వేది భార్య మాలతి. ఎన్నిసార్లు ఖతార్ అని చెప్పినా ఆమెకు దుబాయే.

"గజమంత చర్చి. నువ్వొస్తే ఒళ్ళె పెట్టుకుంటవు," అనేవాడు.

మే అయిదో తారీఖున ఓదిల్ వర్క్‌షాపుకు వచ్చి మోడల్ చూసి మురిసిపోయింది. తర్వాత వేలు పెట్టి చూపిస్తూ, "ఈ రెండు స్తంభాలు ఇప్పుడు లేవు. తీసేయండి, ఉన్నది ఉన్నట్టే చూపించాలి," అంది. ఫోన్లో కొత్త ఫొటోలు చూపింది. నిజమే, కుడివైపు మధ్యలో రెండు స్తంభాలు లేవు. 1954లో వాళ్ళ తాత అక్కడ పాస్టరుగా ఉన్నప్పుడు తీయించాడట. బాల్కనీ కింద కూర్చున్నవాళ్ళకు పాస్టర్ మాట వినిపిస్తే చాలదు, మొహం కూడా కనిపించాలని ఆయన పట్టుదల.

ఆవిడ వెళ్ళిపోయాక గజేందర్ మోడల్లోంచి రెండు స్తంభాలూ ఊడదీశాడు. ఊడదీసి, పైన దూలాన్ని బొటనవేలితో ఊరికే నొక్కాడు. అతుకు వెంట్రుకవాసి నోరు తెరిచింది. వేలు తీస్తే మూసుకుంది.

అతుకు కింద ఉండాల్సిన స్తంభమే వాళ్ళు తీసేసింది.

ఫొటోలు మళ్ళీ తెరిచి పెద్దవి చేసి చూశాడు. బాల్కనీ అంచున కటకటాల గీత మధ్యలో కొద్దిగా కిందికి వాలి ఉంది. దూలం గోడలోకి వెళ్ళేచోట తెల్ల గచ్చులో సన్నటి బీట. కింద గచ్చు పూతలో దూలం అడుగు కనిపించడం లేదు.

"హమీద్ భాయ్, గీ బాల్కనీ కూలుతది," అన్నాడు.

హమీదుద్దీన్ వచ్చి, చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "డెబ్బయి ఏండ్లసంది నిలబడ్డది గదా?"

"ఊళ్ళె ముప్పయి మంది ముసలోళ్ళే మిగిలిండ్రు, అందరు కిందనే కూసుంటరని ఆమెనే చెప్పింది. మీద ఎవ్వలెక్కుతలేరు. పండుగకు నాలుగు వందల మంది వస్తరట. అప్పుడు ఎక్కుతరు."

"అరే, మనం మోడల్ చేసెటోళ్ళం. వాళ్ళకు ఇంజనీర్లు లేరా? కస్టమర్ దగ్గర నీ చర్చి కూలుతదని చెప్తే రేపు మేనేజర్‌కు కంప్లయింట్ పోతది. ఖలాస్. చెప్పిన పని చెయ్."

గజేందర్ చెప్పిన పని చేశాడు. కిటికీలకు రంగుటద్దాలు బిగించాడు, బెంచీలకు పాలిష్ పెట్టాడు. కానీ అన్నం సహించేది కాదు. ఏడేళ్ళ కిందట, సెంట్రింగ్ పని చేసే రోజుల్లో, స్లాబు కింద పోటుగా పెట్టిన ఒక జాకీ వంకరగా నిలబడి ఉండటం చూశాడు. ఫోర్‌మన్‌కు చెబితే యల్లా యల్లా, పని కానియ్ అని తరిమాడు. అతనూ ఊరుకున్నాడు. మధ్యాహ్నానికి ఆ మూల కుంగి, తన ఊరివాడే గంగన్న నడుము విరిగింది. ఇప్పుడు గంగన్న ఇంటి అరుగు మీద కర్ర పట్టుకుని కూర్చుని ఉంటాడు. సెలవులో ఊరికి వెళ్ళినప్పుడల్లా గజేందర్ ఆ వీధిన పోకుండా చుట్టు తిరిగి వెళ్తాడు.

పదకొండు రోజులు గడిచాయి. పదహారో తారీఖు, శుక్రవారం. సెలవు. అప్పటికే అతను మూరెడు పొడుగున ఆ అతుకు మాత్రం విడిగా చేసిపెట్టుకున్నాడు. రెండు దూలం ముక్కలు, మధ్యకు ఒక స్తంభం, రెండు చివరలకు రెండు దిమ్మెలు. వాటిని గుడ్డలో చుట్టుకుని, హమీదుద్దీన్‌కు చెప్పకుండా బస్సెక్కి ముషైరిబ్ వచ్చి, మెట్రో మారి అల్ అజీజియాలో దిగాడు. మధ్యాహ్నం రెండు గంటల ఎండ. రోడ్డు మీద పురుగు లేదు. విల్లా గంట కొట్టేటప్పటికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

తలుపు తీసిన ఓదిల్ అతన్ని చూసి కంగారుపడింది. "ఏమయింది? మోడల్ విరిగిందా?"

"నో మేడం. మోడల్ గుడ్. చర్చి నో గుడ్."

అతని ఇంగ్లీషు అక్కడికే అయిపోయింది. ఆవిడ మంచినీళ్ళిచ్చింది. అతను తాగి, నేల మీదే కూర్చుని గుడ్డ విప్పాడు. దిమ్మెలు పెట్టి, దూలం ముక్కలు కూర్చి, అతుకు కింద స్తంభం నిలబెట్టాడు. తన రెండు చేతులూ మోపి బలంకొద్దీ నొక్కాడు. చెక్క కదలలేదు. ఆవిడను నొక్కమని సైగ చేశాడు. ఆవిడా నొక్కింది, కదలలేదు. తర్వాత స్తంభం తీసి పక్కన పెట్టి, ఈసారి ఒక్క వేలితో నొక్కమన్నాడు. ఆవిడ చూపుడువేలు ఆనించింది. అతుకు విడిపోయి రెండు ముక్కలూ టపీమని నేల మీద పడ్డాయి.

ఓదిల్ ఆ ముక్కలను చేతిలోకి తీసుకుని అతుకు కోతలు చూసింది.

తర్వాత లేచి వెళ్ళి ఒక ఫైలు తెచ్చింది. చర్చి సంఘం సమావేశాల పాత మినిట్స్ పుస్తకాలను ఆవిడే ఎత్తి రాసుకుంటోంది, పండుగకు చరిత్ర పుస్తకం వేయడానికి. హమీదుద్దీన్‌కు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది. తన కింద పనిచేసేవాడు చెప్పకుండా వెళ్ళాడని తెలిసి హమీదుద్దీన్ కాస్త విసుక్కున్నా, తెలుగు చేశాడు.

"1954లో స్తంభాలు తీసేటప్పుడు, వాటి బదులు దూలం అడుగున ఇనుప గడ్డర్ వేయాలని రాసుకున్నరట. చలికాలం రాకముందే పట్నంకెళ్ళి తెప్పిస్తనని వాళ్ళ తాత మాటిచ్చిండట. వేసే ఉంటరు, గచ్చు లోపల ఉంటది అంటున్నది."

"ఉంటే మంచిదే భాయ్," అన్నాడు గజేందర్. "గచ్చు పగలగొట్టుడు ఎందుకు, మాగ్నెట్ పెట్టి చూడుమనున్రి. ఇనుముంటే పట్టుకుంటది."

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఓదిల్ లాప్‌టాప్ పట్టుకుని వర్క్‌షాపుకు వచ్చింది. తెరమీద వాల్‌బ్రూన్ చర్చి లోపలి భాగం కనిపించింది. గజేందర్ మొదటిసారి దాన్ని కదులుతుండగా చూశాడు. ఫోన్ పట్టుకున్నది ఓదిల్ బాబాయి ఎతియెన్, డెబ్బయి అయిదేళ్ళవాడు, సంఘం ప్రెసిడెంటు. నిచ్చెన మీద చర్చి ఊడ్చే ఆవిడ, ఆమె చేతిలో ఫ్రిజ్ తలుపుకు అంటించుకునే రంగుల మాగ్నెట్.

ఆమె దూలం అడుగున గచ్చుకు ఆనించింది. మాగ్నెట్ టక్కున అతుక్కుంది. ఎతియెన్ పెద్దగా నవ్వి ఏదో అన్నాడు. ఓదిల్ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. హమీదుద్దీన్, "అల్హందులిల్లా, ఇనుమున్నది," అన్నాడు.

"జానెడు పక్కకు జరపమనున్రి," అన్నాడు గజేందర్.

జరిపింది. మాగ్నెట్ గచ్చు మీద నిలవకుండా జారి రాతి నేల మీద పడింది. ఆ చప్పుడు దోహా దాకా వినిపించింది. ఇటు జానెడు, అటు జానెడు, ఎక్కడ పెట్టినా పడింది. ఆ ఒక్కచోటే పట్టుకుంటోంది.

"గడ్డర్ లేదు. అతుకు చుట్టు ఒక్క ఇనుప పట్టీ ఉన్నది. అంతే," అన్నాడు గజేందర్.

ఎతియెన్ ఒప్పుకోలేదని ఓదిల్ ఇంగ్లీషులో చెప్పింది. మంచి చెస్ట్‌నట్ కర్ర ఇనుము కంటే గట్టిదన్నాడు. రాజు సిపాయిలకు తట్టుకున్న సంఘం తమదన్నాడు. ఓదిల్ గట్టిగా వాదించింది. మధ్యలో 'గ్రాన్-పేర్' అన్న మాట రెండు మూడుసార్లు వినిపించింది. అది తాతను గురించని హమీదుద్దీన్ గజేందర్ చెవిలో చెప్పాడు. ఎతియెన్ ఆ తాత కొడుకే. చివరికి ఒప్పందానికి వచ్చారు. చూడటానికి ఇంజనీరు జూన్‌లో గాని రాడు, కనుక పండుగ రోజు బాల్కనీ మెట్లకు అడ్డంగా తాడు కడతారు. ఎవరూ ఎక్కరు.

మోడల్ పెట్టెకెక్కింది. ఓదిల్ మంగళవారం విమానమెక్కే ముందు గజేందర్ చేయి పట్టుకుని థ్యాంక్యూ అంది. అతనికి కొంచెం తేలికైంది. ఒక్క మాట మాత్రం చెప్పమన్నాడు హమీదుద్దీన్‌ను: "కర్ర చెప్పకుండ ఇరగదు. ముందుగాల మట్టి రాలుతది. మట్టి రాలితే ఉరకమనున్రి."

శనివారం ఆవిడ ఒక ఫొటో పంపింది. చర్చినంతా పూలతో అలంకరించారు. ముందు బల్ల మీద గజేందర్ చేసిన మోడల్. బాల్కనీ మెట్లకు ఎర్ర తాడు. హమీదుద్దీన్ సంతోషంగా ఫోన్ చూపించాడు. గజేందర్ చూశాడు. చూస్తూ చూస్తూ వేళ్ళతో ఫొటో పెద్దది చేశాడు.

మీద ఎక్కాల్సినవాళ్ళ కోసం కింద ఎక్కువ కుర్చీలు వేశారు. నాలుగు వరుసలు. సరిగ్గా కుడివైపు బాల్కనీ కింద.

"భాయ్, కుర్చీలు తీయుమనున్రి! దానికింద ఒక్కలు కూడ కూసోవద్దు. జల్ది పెట్టున్రి మెసేజ్."

ఈసారి హమీదుద్దీన్ ఎందుకని అడగలేదు. మెసేజ్ పెట్టాడు, ఫోన్ చేశాడు. ఓదిల్ బాబాయిని అడిగి, గంట తర్వాత జవాబు పంపింది. జర్మనీ నుంచీ హాలండు నుంచీ వచ్చిన, ఆనాడు దేశం విడిచిపోయిన పాత కుటుంబాలవాళ్ళను బయట ఎండలో నిలబెట్టలేమన్నాడట ఆయన. కుర్చీలు అలాగే ఉంటాయి. తను తలుపు దగ్గర నిలబడి పైకి చూస్తూ ఉంటానని రాసింది.

మరునాడు ఆదివారం ఇక్కడ డ్యూటీ రోజు. అక్కడ ప్రార్థన పదిన్నరకు. అంటే ఇక్కడ పదకొండున్నర. గజేందర్ ఒక టవర్ మోడల్‌కు బాల్కనీలు అంటిస్తున్నాడు. రెండుసార్లు జిగురు ఒలికింది. పన్నెండయింది. ఒంటిగంట అయింది. భోజనానికి డబ్బా తెరిచి మళ్ళీ మూత పెట్టాడు. హమీదుద్దీన్ నమాజుకు వెళ్ళి వచ్చి, ఫోన్ ఇద్దరి మధ్య బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

మూడు గంటలకు మోగింది.

ఓదిల్ గొంతు బొంగురుపోయి ఉంది. ఆవిడ చెప్పింది హమీదుద్దీన్ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ప్రసంగం అయ్యేదాకా ఏమీ కాలేదు. పాటకు నాలుగు వందల మందీ ఒక్కసారి లేచి నిలబడ్డారు. పాత పాట, కొండ సందుల్లో చాటుగా పాడుకున్న పాట. అందరికీ నోటికి వచ్చు. రెండో చరణంలో, బాల్కనీ కింద ఒకామె తన పాటల పుస్తకం మీది నుంచి ఏదో దులుపుకోవడం ఓదిల్ చూసింది. పక్కాయన కూడా భుజం దులుపుకున్నాడు. తెల్లటి పొడి.

ఓదిల్ అరిచింది. పాటలో ఎవరికీ వినిపించలేదు. జనంలోకి దూరి చేతులు పట్టి లాగింది. ప్రసంగం చెప్పిన పాస్టరమ్మ చూసి, పాట ఆపకుండానే చేయి ఎత్తి తలుపువైపు నడవమని చూపింది. పాడుతూనే బయటికి కదిలారు. ఆర్గాన్ వాయించే ముసలామె, సుజాన్ అని, ఎనభై ఒక్క ఏళ్ళు. ఆమె పీట బాల్కనీ చివర కిందే. వాయిద్యం ఆగితే జనం బెదిరి తోసుకుంటారని ఆమె లేవలేదు. దాదాపు అందరూ బయటపడ్డారు. ఎతియెన్ ఆమెను లేపడానికి వెనక్కి వెళ్ళాడు.

అప్పుడు పడింది.

ఎతియెన్ కాలు మోకాలి దగ్గర తీసేయక తప్పదన్నారట. సుజాన్ అక్కడికక్కడే పోయింది.

హమీదుద్దీన్ ఫోన్ పెట్టేసి ముఖానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. గజేందర్ బయటికి వెళ్ళి, గోడ నీడలో పేర్చిన ప్లైవుడ్ చెక్కల మీద కూర్చున్నాడు. పాతిక మందో యాభై మందో బతికారు. అది అతనికి తెలుసు. అయినా అతని మనసులో వాయిద్యం ముందు కూర్చున్న ముసలామె ఒక్కతే మెదిలింది.

జూన్ రెండో వారంలో ఓదిల్ దోహా తిరిగొచ్చి, నేరుగా వర్క్‌షాపుకు వచ్చింది. మనిషి చిక్కిపోయింది. చర్చికి సర్కారువాళ్ళు తాళం వేశారు. మళ్ళీ తెరుస్తారో, అసలు తెరిచేందుకు ఊళ్ళో ఓపిక ఉందో ఎవరికీ తెలియదు. గచ్చు లోపల దూలం రెండు ముక్కలూ నాలుగు వేళ్ళ ఎడంగా జరిగి ఉన్నాయట. ఎన్నేళ్ళుగానో.

"హమీద్ భాయ్, ఆమెకు ఒక మాట చెప్పాలె," అన్నాడు గజేందర్. "నేను అయిదో తారీఖునే చూసిన. పదకొండు రోజులు నోరు మూసుకున్న. ఆ రోజే చెప్తే కింద కర్రలు పోటు పెట్టెటోళ్ళు. ఆ ముసలామె బతికేది."

హమీదుద్దీన్ తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చకుండా ఆగిపోయాడు. తర్వాత చెప్పాడు. గజేందర్ అన్నదంతా చెప్పి, చివర తన గుండె మీద చేయి పెట్టుకుని ఇంకొక వాక్యం కలిపాడు. 'ఐ స్టాప్ హిమ్' అన్నది గజేందర్‌కూ అర్థమైంది.

ఓదిల్ ఇద్దరినీ చూసింది. కోపగించుకోలేదు, పరవాలేదనీ అనలేదు. సంచిలోంచి కొన్ని కాగితాలు తీసింది. మినిట్స్ పుస్తకంలో తను పండుగకు ముందు ఎత్తి రాయని పేజీలు. ఆసుపత్రిలో బాబాయి పక్కన కూర్చుని చదివిందట. వేలు పెట్టి ఒక్కొక్క ఏడూ చూపింది, హమీదుద్దీన్ చెప్పాడు.

"1955. ఇనుప గడ్డర్ సంగతి వచ్చే ఏటికి. 1956. వచ్చే ఏటికి. 57ల కూడ అదే. 58 నుంచి ఆ ముచ్చటే లేదు. అన్నింటికింద వాళ్ళ తాత సంతకమే. ఆయన ఇంకా ఇరవై ఏండ్లు అదే చర్చిల ప్రతి ఆదివారం ప్రసంగం చెప్పిండట. బాల్కనీ మీద మాత్రం ఎవ్వల్నీ కూసోనియ్యలేదట. ఎందుకని ఎవ్వలు అడగలేదు, ఆయన చెప్పలేదు."

బయట పనివాళ్ళను క్యాంపుకు తీసుకెళ్ళే బస్సు హారన్ కొట్టింది. ఓదిల్ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. గజేందర్ ఆమెతోబాటు గేటు దాకా నడిచాడు. సుజాన్ ఫొటో ఏదైనా ఉందా అని సైగలతో అడిగాడు. ఆవిడ ఫోన్లో వెతికి చూపించింది. పొట్టి జుట్టు, నీలం స్వెట్టరు, కెమెరా వైపు కాకుండా పక్కకు చూస్తూ నవ్వుతున్న ముసలామె. గజేందర్ ఆ ఫొటో తనకు పంపమన్నాడు. అది వచ్చేదాకా అక్కడే నిలబడి, వచ్చాక బస్సెక్కాడు.